వియ్యం లేని ఊళ్ల కోసం తిరిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ చనిపోయిందని ఫోన్ వచ్చేటప్పటికి నేను కంబదూరులో బాడుగ జీపులోకి కర్రలు ఎక్కిస్తాండా. ఆ కర్రలు ఆమె చెప్పి కోయించినవే. ఆ పొద్దు మేమిద్దరం బెళుగుప్ప పక్క ఒక ఊరికి పోవాల. ఆ రోజు కోసం ఆమె ఏండ్లుగా కాచుకోని ఉన్నింది. ఫోన్లో ఆమె తమ్ముడు. "అక్క లేదమ్మా. పొద్దున్నే లేసి బస్సుకు తయారవుతా ఉన్నట్టుండి కూలబడింది. ఆసుపత్రికి తీసకపోయే లోపలే..." అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "ఇంగొక్క వారం ఆగేదానికి ఏమొచ్చె నీకు తల్లీ!" అని నడివీధిలో గట్టిగా అరిచినా. జీపు డ్రైవరు తననే తిడతాండానేమో అని బెదిరిపోయి కిందికి దిగినాడు.

ఏడుపు రాతలంటే ఆమెకు సరిపడదు. సంతాప సభల్లో మాట్లాడేటోళ్లను చూసి "పోయినోళ్లను పొగిడేది మాని, వాళ్లు బతికినప్పుడు ఏం పని చేస్తాండిరో అది చెప్పండప్పా" అని గొణుక్కునేది. కాబట్టి నేనూ ఆ పని సంగతే చెప్తా. ఆమెతో తిరిగిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. ఆ హుషారు మీకు కొంచెమన్నా అంటకపోతే తప్పు నాదే.

ఆమె ఎముకల డాక్టరు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు చేసే మనిషి. వారంలో సగం రోజులు ఆ పని పక్కన బెట్టి మా మెట్ట పల్లెల్లో పరిశోధన పెట్టుకునింది. పరిశోధన అంటే గాజు గొట్టాలూ తెల్లకోట్లూ అనుకునేరు. మా పరిశోధన అంతా చెనక్కాయ చేన్లలోనే. కలుపు తీసేటప్పుడు, కాయ పెరికేటప్పుడు ఆడోళ్లు పొద్దంతా వంగే ఉంటారు. ముప్పై దాటకముందే నడుం పట్టేస్తుంది. ఇంగ సూది వేయించుకునేది, మాత్ర మింగేది, మళ్లా చేన్లోకి పోయేది. "విరిగినాక అతికించేటోళ్లం చానామంది ఉండాం పాపా. అరగకముందే పట్టుకునేదెవురు?" అనేది. వంగే తీరు మార్చి, రోజూ కొంచెంసేపు కసరత్తు చేయిస్తే నడుమూ మోకాళ్లూ నిలబడతాయా, నిలబడవా? ఈ ఒక్క ప్రశ్నకు నిఖార్సైన జవాబు కావాల ఆమెకు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చోని ఉన్న నన్ను, ఇల్లిల్లూ తిరిగి నొప్పుల సంగతి అడిగే పనికి పెట్టుకునింది.

కదిరి బస్టాండులో ఆమె పక్కన నిలబడితే నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. బస్సు రాకపోతే అందరూ విసుక్కుంటారు, ఆమెకు మాత్రం పండగ. వచ్చేటోళ్ల నడకా పోయేటోళ్ల నడకా చూస్తా నిలబడేది. "అదో, ఆ తెల్లపంచె ఆయప్పను చూడు. ఎడమ తుంటి అరిగినట్టుండాది. చెప్పులు ఒకపక్కే ఎట్ల తినేసినాయో చూడు." నేను నమ్మకపోతే నేరుగా పోయి ఆయప్పనే అడిగేది. "అన్నా, నీకు ఎడమ తుంటి నొప్పి ఉండాదా?" ఆయప్ప బిత్తరపోయినాడు. "నాకేం నొప్పమ్మా? రాయి మాదిరి ఉండా." వెనక్కి వచ్చేటప్పుడు ఒకటే నవ్వు. "ఆ చెప్పులు వాళ్ల అన్నవంట పాపా! అన్నకు తుంటి నొప్పంట!" తన అంచనా తప్పయితే అంత సంబరపడే మనిషిని నేను ఇంగెక్కడా చూడలేదు.

ఒకే ఒక్కసారి, బస్సులో, వాళ్లమ్మ సంగతి చెప్పింది. అమ్మా నాయనా ఇద్దరూ చెనక్కాయ కూలోళ్లే. "మా అమ్మ మొగం చూడాలంటే నేను నేల మింద కూర్చోవాల్సి వచ్చేది. నలభై ఏండ్లకే అంత వంగిపోయె. డాక్టరు పరీక్ష పాసైనానని ఆమె ముందర కింద కూర్చోని, పైకి చూస్తా చెప్పినా. ఊరోళ్లంతా వయసైపోయిందిలే అనిరి. నలభై ఒక వయసా?" అంతే, మళ్లా ఆ మాట ఎత్తలేదు. ఎవురన్నా "వయసు నొప్పులు లేమ్మా" అంటే మాత్రం మింద పడి గద్దించేది. "నొప్పికి వయసు చెప్పొద్దు, పని చెప్పు" అని.

మా పద్ధతి ఇది. చీటీలు వేసి, చీటీ వచ్చిన ఊళ్లకు కసరత్తు నేర్పించాల. మిగతా ఊళ్లను అట్లే ఉంచాల. రెండు రకాల ఊళ్లలోనూ నొప్పుల సంగతి అడుగుతా పోయి, ఆఖర్న పోల్చి చూడాల. అట్లే ఉంచిన ఊళ్లకు మామూలు వైద్యం ఆగదు. కసరత్తు మంచిదని తేలితే వాళ్లకూ నేర్పిస్తాము. ఇదంతా ముందే చెప్పి, ఒప్పుకున్నోళ్లనే చేర్చుకున్నాము.

మొదటిసారి కంబదూరు దగ్గరి పల్లెల్లోనే మొదలుపెట్టినాము. నారాయణమ్మ ఊరికి నేర్పించే చీటీ వచ్చింది. నారాయణమ్మ అంటే నోరున్న మనిషి, ఆమె ఒక్కతి ఉంటే ఊర్లో మైకు అక్కరలేదు. డాక్టరమ్మ ఒక కర్ర తీసుకోని ఆమె వీపున నిలువుగా పెట్టి, "తలకూ వీపుకూ పిర్రలకూ మూడు చోట్లా కర్ర తగుల్తా ఉండాల. అట్లే వంగు. నడుం కాడ గాదు, తుంటి కాడ మడవాల" అనింది. "ఎవురన్నా చూస్తే దయ్యం వదిలిస్తాండారు అనుకుంటారు తల్లీ!" అనె నారాయణమ్మ. చేతులూ మోకాళ్లూ నేలకానించి, ఒక చెయ్యీ ఎదురు కాలూ చాపే కసరత్తు ఇంగొకటి. దానికి ఆడోళ్లు 'కుక్క కాలు' అని పేరు పెట్టేసినారు. పెద్ద పెద్ద డాక్టర్ల మీటింగులో కూడా డాక్టరమ్మ దాన్ని కుక్క కాలనే అనింది, నా చెవులారా విన్నా.

కొన్నాళ్లకు నేను పక్క ఊరికి పోయినా. అది అట్లే ఉంచిన ఊరు. పోయి చూస్తే ఏముండాది? కల్లంలో ఆడోళ్లంతా వరసగా కుక్క కాలెత్తి ఉండారు! "ఇది మీకెవురు నేర్పించిరి?" అంటే ఒకామె గర్వంగా చెప్పింది. "మా వదిన నారాయణమ్మ. నా కూతురి శ్రీమంతానికి వచ్చి, వచ్చిన ఆడోళ్లందరికీ నేర్పించి పోయె." రెండూళ్లూ ఒకే కసరత్తు చేస్తాంటే ఇంగ దేన్ని దేంతో పోల్చేది? అన్ని రోజుల పని బూడిదలో పోసిన పన్నీరయిపాయె.

సంగతి తెలిసి డాక్టరమ్మ నారాయణమ్మ ఊరికి పరిగెత్తుకోని వచ్చింది. నారాయణమ్మ కొంగు బిగించి ముందే నిలబడింది. "నా నడుం తేలికపడె. మా ఆడబిడ్డ నడుం ఏం పాపం చేసె? చెప్పకుండా దాచిపెట్టుకుంటే నన్ను మనిషంటారా?" డాక్టరమ్మ ఆమె మొగం చూసింది, నా మొగం చూసింది. తిడుతుందనుకున్నా. పకపకా నవ్వేసింది. "ఎంత బుద్ధి తక్కువదాన్ని పాపా! ఆడబిడ్డకు చెప్పకుండా ఉండే వదిన ఈ సీమలో యాడుండాది? నేనూ ఈడనే పుట్టినా గదా, ఈ మాత్రం తోచలేదే!"

ఆసుపత్రిలో ఇద్దరు పెద్ద డాక్టర్లు ఆమెకు మెల్లగా చెప్పి చూసినారు. ఈ సంగతి బయట పెట్టకుండా ఉన్న లెక్కలతోనే కానిచ్చేద్దామని. ఆమె ససేమిరా అనింది. "నాకు నచ్చే జవాబు వద్దప్పా, నిజమైన జవాబు కావాల." తిరుగు ప్రయాణంలో నేను మొగం వేలాడేసుకోని ఉంటే, ఆమె సీటు అంచున కూర్చోని చేతులు తిప్పుతా మాట్లాడతానే ఉన్నింది. "వియ్యం పాపా, వియ్యం! పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ల నడుమ ఏదీ దాగదు. వియ్యం లేని ఊళ్లు వెతుకుదాం!"

అట్ల మొదలయింది మా వెతుకులాట. ఏ ఊరికి పోయినా మొదటి మాట, "మీ పిల్లల్ని ఏ ఊరికి ఇచ్చినారు? కోడండ్లను యాడ నుంచి తెచ్చుకున్నారు?" ఇంగేం, సంబంధాలు కుదిర్చే అమ్మ వచ్చిందని ఊళ్లల్లో మోగిపోయె. ఒకాయప్ప కొడుకు ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. "బోరుండాది, బుద్ధిమంతుడు, తాగుడు లేదు. మంచి పిల్లను చూడు తల్లీ." ఆమె ఫోటోను కిందికీ మిందికీ తిప్పి తిప్పి చూసింది. ఆయప్ప మొగంలో ఆశ చూడాల! "ఏమన్నా, పిల్లోనికి ఒక భుజం కిందికి జారినట్టుండాది. ఒకసారి వెన్ను చూపించు, నా దగ్గరికి తీసకరా" అనింది. ఆ పిల్లోడు నిజంగానే వచ్చినాడు, వెన్ను బాగానే ఉన్నింది. పెండ్లి మాత్రం మేము చేయలేదు.

వియ్యం లేని ఊళ్లు కంబదూరు పక్క కొన్ని, బెళుగుప్ప పక్క కొన్ని దొరికినాయి. మళ్లా చీటీలు వేసినాము. నారాయణమ్మ ఊరిని పక్కన పెట్టినందుకు ఆమె అలిగింది. "నా నోటి వల్లనే చెడె అంటారు, అంతే గదా?" డాక్టరమ్మ ఆమె గడ్డం పట్టుకోని, "నీ నోరు నాకు తర్వాత కావాల నారాయణక్కా. జవాబు వచ్చేదాకా కట్టిపెట్టు, అంతే" అనింది. పాపం, కట్టిపెట్టింది. ఒకసారి బెళుగుప్ప పక్క కూలికి పోయి వచ్చి మా ముందర లబలబలాడె. "ఒకామె నడుం పట్టుకోని మూలుగుతాంటే నా చేతులు ఊరుకోలేదు తల్లీ. పండ్లు బిగబట్టుకోని వచ్చినా!"

బెళుగుప్ప పక్క ఒక ఊర్లో హనుమక్క అని ఉండాది. ఆ ఊరికి అట్లే ఉంచే చీటీ వచ్చింది. నేను పోయినప్పుడల్లా నడుం మింద చెయ్యి పెట్టుకోని "మా వంతు ఎప్పుడు పాపా?" అని అడిగేది. డాక్టరమ్మ వచ్చినప్పుడూ అదే మాట. ఆమెకు ఆ ఊరికి పోయేదంటేనే భయం. నేర్పించేది చేతిలో ఉండీ నేర్పించకుండా రావాల. "మంచిదో కాదో నాకే తెలియదు గదా పాపా, తెలియందాన్ని మంచిదని చెప్పి ఎట్ల అంటగట్టేది?" అనేది, కానీ ఊరు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తానే ఉండేది. హనుమక్కకు మాటిచ్చింది. "జవాబు రానీ అక్కా. మంచిదైతే వారం తిరక్కుండా నేనే కర్రలు తీసుకోని వస్తా. కాకపోతే అదీ నేనే వచ్చి చెప్తా."

ఆ జవాబు వచ్చిన రోజు! లెక్కలు కట్టేటోళ్లు యాడనో దూరంగా ఉండారు. ఏ ఊళ్లకు నేర్పించినామో వాళ్లకు తెలియదు, వాళ్ల దగ్గర ఉండేది ఎర్ర ఊళ్లు, పచ్చ ఊళ్లు అని పేర్లు మాత్రమే. ఫోన్ బల్ల మింద పెట్టి మేమంతా చుట్టూ మూగినాము. "పచ్చ ఊళ్లలో నడుం నొప్పి బాగా తగ్గింది డాక్టర్" అనింది ఫోన్. ఆమె నా చెయ్యి పట్టుకునింది, నా ఎముకలు విరుగుతాయేమో అనుకున్నా. పచ్చ అంటే నేర్పించిన ఊళ్లే! "మోకాళ్లో?" అనడిగింది. "మోకాళ్లకు తేడా ఏమీ లేదు." నేను అయ్యో అన్నా. ఆమె గెంతులు వేస్తాంది. "నడుం గెలిచె! మోకాలు ఓడిపాయె! అయ్యో అంటావేమే? మోకాలికి ఇది చాలదని తెలిసె గదా! ఇంగ దాని పని పడదాం!" ఉగ్గాని, బజ్జీలు తెప్పించింది. తినే ఓపిక కూడా లేదు. ఒక చేతిలో బజ్జీ, ఒక చేతిలో ఫోన్. "హనుమక్కా, నీ వంతు వచ్చింది! వచ్చే మంగళవారం!" అవతల నుంచి హనుమక్క, "రా తల్లీ, ఓలిగలు చేసి పెడతా" అని అరుస్తాంది.

ఆ మంగళవారమే ఆమె పోయింది.

నేను నారాయణమ్మను ఎక్కించుకోని అదే జీపులో డాక్టరమ్మ ఊరు కదిరికి పోయినా. వాళ్లది క్రైస్తవ కుటుంబం. మరుసటి పొద్దున ఊరి బయట సమాధుల తోటలో ప్రార్థన అయినాక, వచ్చినోళ్లంతా వరసగా పిడికెడు మట్టి వేస్తాండారు. బెళుగుప్ప పక్క నుంచి ఆడోళ్ల గుంపు బస్సులు మారి మారి వచ్చింది, ముందర హనుమక్క. మంగళవారం డాక్టరమ్మ కోసం చేసిన ఓలిగలు ఎవురికీ పెట్టబుద్ధి కాలేదంట. ఆమె వంతు వచ్చింది. ఒక చెయ్యి నడుం మింద పెట్టుకోని వంగబోయి, సగంలో "అమ్మా" అని ఆగిపోయింది. చెయ్యి మట్టికి అందలేదు.

నా పక్కన నారాయణమ్మ కొంగు నోట్లో కుక్కుకోని ఉన్నింది. నా మొగం చూసింది. "జవాబు వచ్చేసె గదా పాపా?" అనింది. "వచ్చేసె" అన్నా. ఆ మాట కోసమే కాచుకోని ఉన్నట్టు జీపు దగ్గరికి ఉరికింది. కర్రలు దాంట్లోనే ఉన్నాయి, దించాలని ఎవురికీ తోచలేదు. ఒకటి లాక్కోని వచ్చి హనుమక్క వీపున నిలువుగా పెట్టింది. పాస్టరు ఏమిటిదని చూసినాడు. డాక్టరమ్మ తమ్ముడు కండ్లు తుడుచుకుంటా, "ఉండండయ్యా, కానీండి" అన్నాడు.

"నడుం కాడ గాదక్కా, తుంటి కాడ మడువు. మూడు చోట్లా తగుల్తాండాదా?"

"తగుల్తాండాది."

"అట్లే కిందికి పో."

హనుమక్క చెయ్యి ఎర్రమట్టికి తగిలింది. పిడికెడు తీసుకోని, మెల్లగా పైకి లేచి, డాక్టరమ్మ మింద వేసింది. "పోటు రాలేదే!" అని అందరికీ వినపడేటట్టు అనేసింది. ఒక్క వంగుడుకే తగ్గిపోయిందంటే డాక్టరమ్మ ఒప్పుకోదు, నేనూ చెప్పను. కానీ నారాయణమ్మ నోరు ఇంగ ఆగలేదు. వరసలో వెనక నిలబడిన బెళుగుప్ప పక్క ఆడోళ్లంతా ఒకచేత్తో కండ్లు తుడుచుకుంటా, ఇంగొక చెయ్యి కర్ర కోసం చాపినారు.