ఆపరేషన్ బల్ల మీద పరాయి కాలు

ఒంటి మీద పూర్తి స్పృహ ఉండగా, పడుకున్నచోటు నుంచి కదలకుండా నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వండి, కానీ ముందు మీ మడమలు ఒకసారి చూసుకుని నవ్వండి.

నిలబడి నిలబడి నా కుడి పిక్కలో రక్తనాళాలు వానపాముల్లా ఉబ్బాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖానలో ఆపరేషన్ అన్నారు. ఆ మాట చెవిన పడగానే ఎల్బీనగర్‌లో మా పక్కింటి సరోజ పరుగెత్తుకొచ్చింది.

"వెన్నుల సూదిస్తరట గద! కాళ్లు మళ్ల పనిజేస్తయో లేదో, జర పైలం అక్కా!"

ఆ రోజు నుంచి నిద్రలో కూడా కాలివేళ్లు కదిపి చూసుకుంటూనే ఉన్నాను.

ఆపరేషన్ నాడు నర్సు మెట్టెలు తీయమంది. మా అత్త అడ్డం పడింది. "నా కొడుకు గుండ్రాయి లెక్క ఉండంగ మెట్టెలెట్ల తీస్తరు?" చేసేది లేక నర్సు మెట్టెల మీదే తెల్ల గుడ్డ పట్టీలు చుట్టింది.

వెన్నులో సూది పడింది. నడుము కింద వెచ్చబడింది, తర్వాత బరువెక్కింది. వేలు కదపబోయాను. కదల్లేదు!

"సారూ, నా కాళ్లు పోయినయ్!"

"ఎక్కడికీ పోలేదమ్మా," అన్నాడు మత్తు డాక్టరు, గుంటూరాయన. "కాలి నొప్పి కబురు నరాల గుండా వెన్నులోకొచ్చి మెదడుకెక్కుతుందండి. ఈ మందు వెన్ను దగ్గరే ఆ దారి మూసేస్తుంది. కాసేపే. మందు దిగాక అన్నీ వచ్చేస్తాయి."

సగం నమ్మాను. నా కాళ్లు బల్ల మీద చాపుకునే ఉన్నట్టు అనిపిస్తోంది. ఇంతలో నర్సు ఎవరిదో కాలు పైకెత్తి గోధుమరంగు మందు పూస్తోంది! నా పక్కనే ఎవరో మగాయన్ని పడుకోబెట్టారా?

"ఎవలిది సారూ గీ కాలు? మడిమెలు జూడుండ్రి, పైపుల కోసం తవ్వి ఇడిసిన రోడ్డు లెక్క! ఇంట్ల ఆడోళ్లు రుద్దుకొమ్మని జెప్పరా? పాపం, గీయన పని ముందుగాల గానియ్యుండ్రి. నేను ఆగుత."

నర్సు భుజాలు నవ్వుకి అదురుతున్నాయి.

"అమ్మా," అన్నాడు డాక్టరు మెల్లగా, "ఆయన మీరేనండి."

"నా కాళ్లు కిందున్నయ్ గద!"

"కాలెత్తిన కబురు మెదడుకి అందలేదు. అది ఇంకా పాత కబురే నమ్ముతోంది."

అప్పుడు చూశాను. ఆ కాలి వేలికి తెల్ల పట్టీ! నా మెట్టె మీద నర్సు చుట్టినదే!

సాయంత్రం వేలు కదిలింది. "కదిలింది అత్తా!" అని వార్డంతా అదిరేలా అరిచాను. అత్త నా పాదం పట్టుకుని ఏడ్చేసింది. నర్సు తలుపులోంచి తొంగి చూసింది.

"గాయన కాలు కదిలిందా అక్కా?"

ఆ మెట్టెల సాక్షిగా చెబుతున్నాను: ముందు నా కాలు కదిపి చూసుకోనిదే ఈ జన్మలో ఎవరి మడమకూ వంక పెట్టను.