దేవుడి ముందు పెట్టిన పానా

మా ఆయనది కలప వ్యాపారం. అడవిలోంచి దుంగలు తేవడానికి మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన పాత లారీ ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి, ఎంత బురదలో దిగినా ఈడ్చుకుంటూ బయటపడేది. దాని వాలకం చూస్తే నాకు నవ్వొచ్చేది. కాకి పిల్ల కాకికి ముద్దు, ఏం చేస్తాం.

అరవైల్లో ఒక వానాకాలం ఆ బండి వెనక చక్రం ఊళ పెట్టడం మొదలెట్టింది. బేరింగులు అరిగిపోయాయన్నాడు మా అన్న. అన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, నిమ్‌పురా క్వార్టర్సులో ఉండేవాడు. లారీని వాళ్ళింటి వెనక జాకీ మీద నిలబెట్టి, చక్రం ఊడదీసి, హబ్బు బయటికి లాగి, పాత బేరింగులు తీసేశాడు. కొత్తవి కలకత్తా నుంచి వచ్చేసరికి విశ్వకర్మ పూజ ముందురోజు పొద్దు గూకింది. అన్న పని అక్కడికక్కడే ఆపేసి, పనిముట్లన్నీ కడిగి నూనె రాసి వసారాలో పటం ముందు పేర్చాడు. పూజ రోజంతా వాటిని ముట్టకూడదు. ఖరగ్‌పూర్‌లో పానా పట్టిన ప్రతివాడికీ అదే నియమం.

మర్నాడు పూజకని మేం అక్కడే ఉన్నాం. పొద్దున్నే మా మరిది, చెల్లెలి మొగుడు, సైకిలు మీద వచ్చాడు, నడుం దాకా బురద. అడవిలో మా కలప డిపోకి అతనే కాపలా. మా చెల్లెలు కూడా అక్కడే ఉండేది, నెలలు నిండలేదు కదా అని ఇంకా పుట్టింటికి తీసుకురాలేదు.

"రాత్రినించి నొప్పులొదినా. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. ఎడ్లబండి వాగు దాటనేదు" అన్నాడు.

ఆ వాగు దాటగల బండి మా కళ్ళెదుటే చక్రం లేకుండా నిలబడి ఉంది. నేను అన్న వైపు చూశాను.

"ఇయాల పానా ఒట్టుకోకూడదమ్మా. బావ మలంచా లారీల అడ్డాకి యెల్లి మరో బండి సూస్తాడు. దేవుడున్నాడు" అన్నాడు అన్న.

మా ఆయన వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, మరిది అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అన్న మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పటానికి పూలు సర్దుతున్నాడు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదనే మనిషి. ఆయన మంచితనం మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. ఆ పొద్దు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మిట్టమధ్యాహ్నం మా ఆయన వట్టి చేతులతో తిరిగొచ్చాడు. బళ్ళన్నిటికీ దండలు వేసేశారట, ఆ వాగు పేరు చెబితే ఎవడూ రానన్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అనుకున్నాను. తిన్నగా పటం దగ్గరికి వెళ్ళి, కుంకుమ బొట్టుతో ఉన్న పెద్ద పానా తీసి అన్న చేతిలో పెట్టాను. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంద. నువ్వు బిగించకపోతే నేనే బిగిస్తాను."

"నీకేటి తెలుసే బిగించడం" అని అన్న లేచాడు.

వాన మొదలైంది. చక్రం మీద చుక్క పడకుండా మా ఆయనా మరిదీ టార్పాలిను పట్టుకున్నారు. బేరింగు గిన్నెను ఇత్తడి కడ్డీతో చుట్టూ కొడుతూ హబ్బులో కూర్చోబెట్టాడు అన్న. అరచేతిలో గ్రీజు వేసుకుని రోలర్ల సందుల్లోకి ఎక్కించాడు. హబ్బు తొడిగి నట్టు తిప్పుతుంటే మా ఆయన భయం కొద్దీ "ఇంకా బిగించు బావా" అన్నాడు.

"బిగిస్తే కాల్తాది. వొదిలితే ఊడతాది. నువ్వు మాటాడకు."

బిగించి, కాస్త వెనక్కి వదిలి, చక్రం ఎక్కించి రెండు చేతులతో ఊపి చూశాడు. నచ్చలేదు. మళ్ళీ విప్పాడు. అక్కడ చెల్లెలి ప్రాణం పోతోందని అరవబోయి ఆగిపోయాను. వాగు మధ్యలో చక్రం ఊడితే చెల్లెల్ని తెచ్చేవాళ్ళే ఉండరు.

దారిలో ఎన్నోసార్లు బండి ఆపించి, దిగి, హబ్బు మీద చేతి వెనకవైపు ఆనించి చూశాడు. "యేడి నేదు, పద" అన్న ప్రతిసారీ నాకు ఊపిరి వచ్చేది. వాగు దాటాం. చెల్లెల్ని గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చాం. దాని తల నా ఒళ్ళో ఉంది, పలకరిస్తే పలికేది కాదు. దీపాలు పెట్టే వేళకి ఆస్పత్రి చేరాం.

చెల్లెలు బతికింది. మగపిల్లాడు ప్రాణం లేకుండా పుట్టాడు.

డాక్టరు దీదీ నన్ను వరండాలోకి పిలిచి బెంగాలీలో మెల్లగా చెప్పింది, మధ్యాహ్నానికి తెచ్చినా బిడ్డ దక్కేవాడని. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

అన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, గోళ్ళ నిండా గ్రీజు.

"ముట్టకూడని రోజు ముట్టినాను. అందుకేనేటమ్మా?" అన్నాడు.

పొద్దున్నే ముట్టి ఉంటే బతికేవాడన్నా, అని నోటి దాకా వచ్చింది. ఆ మాటంటే ఆయన ఇక లేవడు.

"దేవుడి ముందునించి తీసింది నేను. పాపమైతే నాది" అన్నాను.

అన్న తలూపాడు. నమ్మాడు. తర్వాతెప్పుడో చెల్లెలికీ అలాగే చెప్పాడు, అదీ నమ్మింది. ఆ తర్వాత తన రెండు పురుళ్ళకీ నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు.