మా అమ్మ కడియాలు కరిగిన గిన్నె

మొన్న ఆదివారం మనవరాలు నన్ను మేమిప్పుడు ఉండే కుంభారిలో బస్సెక్కించి, కుంఠా నాకా దగ్గరి మా పాత చర్చికి తీసుకుపోయింది. అక్కడ అద్దాల బీరువాలో వెండి గిన్నె పెట్టి, కింద ఒక కాగితం అంటించారు. మూడో తరగతితో బడి మానినదాన్ని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఎవరో దొర సముద్రం దాటించి తెచ్చిన కానుక అని రాసి ఉంది. చదివేసరికి ఒళ్ళంతా ఏవగింపు పుట్టింది.

ఆ గిన్నె ఏ సముద్రమూ దాటలేదు. నాకు పదేళ్ళప్పుడు, మగ్గాల చప్పుడు ఆగని మా గల్లీలోనే పుట్టింది. అంతకుముందు ప్రభు భోజనం నాడు అందరూ గుక్కెడు చొప్పున తాగే ద్రాక్షరసం ఒకే ఇత్తడి గ్లాసులో చేతులు మారేది. వెండిది ఉంటే బాగుండునని పాదిరిగారి భార్య అన్నదే తడవుగా ఆడవాళ్ళు కాళ్ళవీ చేతులవీ తీసి ఇచ్చారు. మా అమ్మ, తెలంగాణ నుంచి పని వెతుక్కుంటూ ఈ మరాఠీ ఊరికి బయలుదేరేటప్పుడు అమ్మమ్మ తొడిగి పంపిన కడియాలు ఇచ్చింది. కంసాలి మా అరుగు ముందే కుంపటి పెట్టి కరిగిస్తుంటే, పిసరంత వెండి కూడా పక్కకు పోకుండా అందరూ చుట్టూ కూర్చుని కాపలా కాశారు. కాస్తూనే ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టారు, చేతులు ఊరికే ఉంచడం మావాళ్ళకు తెలియదు గనుక.

కొత్త గిన్నె వాడిన మొదటి ఆదివారమే, అమ్మ తాగి పక్కకు అందించగానే, నాలుగు మగ్గాల ఇంటి ఇల్లాలు, సంఘపెద్ద భార్య, ముక్కు మూసుకుంది.

"ఛీ, తంబాకు కంపు! బీడీలోళ్ళ ఎంగిలి నేనెట్ల తాగాలె?"

"నా కడియాలు కరగవోసిన్నాడు కంపు రాలేదా వదినా?" అన్నది అమ్మ.

పాదిరిగారు తర్వాతి పాట ఎత్తుకున్నారు. మా నాన్న పాటల పుస్తకం పేజీలు తిప్పాడు. మరుసటి ఆదివారం నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మళ్ళీ ఆ ఇత్తడి గ్లాసే. వాళ్ళలో మిగిలినవాళ్ళు తలవంచుకుని తాగారు. అమ్మ మాత్రం ప్రతి ఆదివారమూ వచ్చి, గొంతెత్తి పాటలు పాడి, గ్లాసు తనదాకా రాగానే తల అడ్డంగా ఊపేది. చచ్చేదాకా అంతే. ఆమె మొండితనానికి అప్పుడు నాకు సిగ్గేసేది. ఇప్పుడు ఆ సిగ్గును తలచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ కాలంలో మనిషికొక చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తున్నారు. కడిగితే పదేళ్ళు వచ్చేవాటిని గుక్కెడు తాగి చెత్తబుట్టలో పారేస్తున్నారు. మగ్గాల ఇంటివాళ్ళకూ బీడీల ఇంటివాళ్ళకూ అదే కప్పు. చూశావా నానమ్మా, అందరం ఒకటయ్యాం అని మనవరాలు సంబరపడింది. ఒకరి ఎంగిలి ఒకరు తాగి ఒకటి కావలసినవాళ్ళం, ఎవరి ఎంగిలీ ఎవరికీ తగలకుండా ఒకటయ్యాం.