బెల్టు ఏ పక్కకి లాగాల?

తొంభైల మొదట్లో నేను నాగలమడికకు కొత్త కోడలిని. మా ఇంట్లో చెనిక్కాయలు ఒలిచే మిషను ఉండేది. ఒకనాడు కరెంటు మూడు ఫేజుల్లో ఒక్కటే వస్తాంది. సాయంత్రానికి లారీ వస్తాది, మూటలేమో ఒలవకుండా అట్లే ఉండాయి. మా ఆయన స్టార్టర్ విప్పి, ఒక్క ఫేజుతోనే నడిచేట్టు వైర్లు మార్చినాడు. అయితే మోటారు గుయ్యిమంటాదే గానీ తనంతట తాను తిరగదు. బెల్టును చేత్తో లాగి తిప్పాల.

"నేను బటను నొక్కుతూనే లాగు" అన్నాడు. ఏ పక్కకో చెప్పలేదు. నేను బావిలో నీళ్లు చేదినట్టు నా వైపుకే లాగినాను. మోటారు ఉల్టా తిరిగింది! మిషన్లో పొట్టు ఎగరగొట్టే ఫ్యాను గాలి వెనక్కి కొట్టి, గోడవతల పడాల్సిన పొట్టంతా మా మామ మీద కురిసింది. పాపం, ఆయన పెళ్లికి పోయేకి తెల్లపంచె కట్టుకుని కూర్చోనుండె.

మా ఆయన మిషను ఆపేసినాడు.

మామ కండ్ల మీది పొట్టు తుడుచుకుని, "ఏమ్మా, అక్షింతలు వేసేకి నేను బయల్దేరితే, నువ్వు నాకే వేసేస్తివే!" అని పడీపడీ నవ్వినాడు. "ఇంగ అవతల పక్కకి లాగు."

ఆ పొద్దు మామ తిట్టింటే మళ్లీ ఆ ఛాయలకే పోయేదాన్ని కాదు. తర్వాత ఏండ్లపాటు ఆ మిషను నడిపింది నేనే.