మామ తాబేలు

మొన్న మా కాలేజీ ల్యాబుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. నంద్యాల ఎండకు ఏసీ మూలుగుతుంటే, ఒక్కోదాంట్లో ప్రోగ్రాములు రాసే పైథాన్ ఎక్కిస్తూ కూర్చున్నాను. ఇప్పుడిదొక పనా? దించుకోవడం, రెండు మూడు చోట్ల నొక్కడం, అడిగిన గడిలో టిక్కు పెట్టడం, అంతే. ఆ టిక్కు మరచిపోయిన పిల్లలే ఏడాది పొడుగునా "రావడం లేదు మేడమ్" అని నా ప్రాణం తోడేస్తారు. చివరి కంప్యూటరులో సరిగ్గా ఎక్కిందో లేదో చూద్దామని అందులో ఉండే, బొమ్మలు గీసే తాబేలును పిలిచాను. తెర మీద తెల్లటి కిటికీ తెరుచుకుని, మధ్యలో గోరంత తాబేలు కనిపించింది. మా మామ గుర్తొచ్చి నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

మామంటే అమ్మకు తమ్ముడు. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, రోజంతా టకటకమని ఉలి చప్పుడు. కనుబొమ్మల మీద ఎప్పుడూ రాతిపొడి ఉండేది కాబట్టి ఆయన వెంట్రుకలు ఎప్పుడు నెరిశాయో మాలో ఎవరికీ తెలియదు. అలాంటి మనిషికి కుడి మణికట్టులో నరం పట్టేసింది. ఇక సుత్తి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి సగం చెక్కిన నంది పక్కన కూర్చుని, వచ్చేపోయే లారీలను చూస్తూ ఉండేవాడు. తిండి తగ్గింది, మాట అంతకంటే తగ్గింది. "ఈ మనిషి కూడా రాయైపోతాండాడు పాపా, ఏమన్నా చెయ్యి" అని అత్త నా చెయ్యి పట్టుకుంది. నాకు వచ్చిన విద్య ఒక్కటే. ఒక ఆదివారం నా పాత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

పైథాన్ ఎక్కించడానికి ముందే మామ నన్ను ఆపాడు. రాయి మీద తొలిదెబ్బ వేసే ముందు దండం పెట్టుకోవాలి కదా, దీనికి మాత్రం ఎందుకు వద్దు అని ఆయన వాదన. ల్యాప్‌టాప్ మూతకు కుంకుమ పెట్టాడు. కర్పూరం కూడా తెస్తుంటే నేను గట్టిగా అడ్డుపడ్డాను. అంతా అయ్యాక తెర వైపు అనుమానంగా చూస్తూ "ఏందీ ఇది?" అన్నాడు.

"నువ్వొక మాట చెప్తే అప్పుడే చేస్తాది మామా. అంతా రాసేదాకా ఆగే పనిలేదు. ముందుకు పో అంటే ఈ తాబేలు పోతాది, గీత పడతాది. తిరుగంటే తిరుగుతాది."

"పీఠం కింద కూర్మాన్ని పెడతాం. అది ఈడ ఉలి పట్టిందా?" అని నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో, అత్త వంటింట్లోంచి తొంగి చూసింది.

ల్యాప్‌టాప్ ఆయన దగ్గరే వదిలి వచ్చాను. ఆ వారం మధ్యలో మామ నుంచి ఫోన్ వచ్చింది. "పగిలిపాయ పాపా." తెర పగిలిందేమోనని హడలిపోయి, కాలేజీకి సెలవు పెట్టి పరుగెత్తాను. చూస్తే తెర శుభ్రంగా ఉంది. ఎక్కడో బ్రాకెట్ మూయడం మరిచిపోయాడు, తప్పు ఉందని ఎర్రక్షరాలు వచ్చాయి, అంతే! మామకు మాత్రం అది చిన్న సంగతి కాదు. చెక్కేటప్పుడు బీటపడితే ఆ రాయి ఇక దేవుడికి పనికిరాదు, పక్కన పడేయాల్సిందే. "బీటపడినంక అతికిచ్చేది ల్యా. దీన్ని తీసేసి వేరేది ఎక్కీ" అన్నాడు. తప్పులు రావడం మామూలేనని క్లాసుల్లో గొంతు చించుకునే నేను ఆయన్ను ఒప్పించలేక, ఉన్న పైథాన్ తీసేసి మళ్లీ అదే పైథాన్ ఎక్కించాను. ఇక ప్రతి ఆదివారం ఇదే తంతు. ఎర్రక్షరాలు రావడం, మామ మూత మూసేసి కూర్చోవడం, నేను బస్సెక్కడం. అత్త పెట్టే బొరుగుల ఉగ్గాని, బజ్జీల కోసం వస్తున్నానని మా ఇంట్లో వాళ్ల వెక్కిరింపు.

చివరికి ఆయన్ను కదిలించింది అత్తే. ఉగ్గాని పళ్లెం ఠపీమని పెట్టి, "దినామూ ముగ్గు తప్పుతాంటా. కాలితో చెరిపి మళ్లా ఏస్తాండా. అంతమాత్రానికి వాకిలి మారుస్తానా?" అంది. మామ ఎడంచేత్తో మూత తెరిచి, పాత వరుసనే మళ్లీ రాసి, ఈసారి బ్రాకెట్ మూశాడు. నొక్కే ముందు, సుత్తి దించేటప్పటిలాగే, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. తాబేలు కదిలింది.

మధ్యాహ్నానికల్లా తెర మీద తామరపువ్వు విచ్చుకుంది. రేకుల కొసలు కొంచెం లోపలికి వంగి, అచ్చం ఆయన చెక్కే పీఠాల మీద పువ్వులాగే ఉంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దీన్ని భద్రంగా దాచే పద్ధతి చూపిస్తానన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు.

"వద్దులే పాపా. దాచిపెడితే రేపు నాకేం పని?"

తెర మీది కిటికీ మూసేశాడు. పువ్వు పోయింది. మర్నాడు పొద్దున్నే మొదటినుంచీ మళ్లీ గీశాడట. ఆపైన దినామూ అంతే. అన్నం సరిగ్గా తింటున్నాడని అత్త ఫోనులో చెప్పేది.

పోయినేడు వానలకు ముందు మామ వెళ్లిపోయాడు. ఆ ల్యాప్‌టాప్ అత్త నాకిచ్చింది. మూల మూలా వెతికాను, ఒక్క రేకు కూడా దొరకలేదు. మొన్న ల్యాబులో పిల్లలందరూ వెళ్లాక నేనే గీసి చూశాను. తామర వచ్చింది, రేకులన్నీ పద్ధతిగానే వచ్చాయి. కానీ ఆ కొస వంపు రాలేదు. తాబేలును అక్కడ ఎంత తిప్పేవాడో నేనెప్పుడూ అడగలేదు. ఆయనకు ప్రతిరోజూ ఒక రేపు కావాల్సి వచ్చింది. నాకేమో ఆ నిన్నల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మిగిలుంటే చాలు.