చెవి దాటని కుడిచెయ్యి

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు నా కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. దుమ్ముగూడెం దారిలో ఒక బడిలో నేను లెక్కల సారును. నల్లబల్ల కింది సగంలోనే లెక్కలు చేస్తుంటే వెనక బెంచీల పిల్లలు నిలబడి రాసుకునేవాళ్లు. ఆదివారం చర్చిలో అందరూ రెండు చేతులెత్తి స్తుతిస్తుంటే నేను ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తేవాణ్ని. నా విశ్వాసం సగానికి పడిపోయిందని పాస్టరమ్మ మా ఆవిడతో అన్నదట.

హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పాడు. "ఈ నెలాఖరు దాకా చూద్దాం సారూ. రాయలేకుంటే లైబ్రరీ తాళాలు మీరు తీస్కోండ్రి."

మా లైబ్రరీ అంటే ఒక్క బీరువా. బల్ల పోతే ఇక నేనెందుకూ కొరగానని నిజంగానే భయమేసింది.

మాత్రలకు, కాపడాలకు లొంగకపోయేసరికి మా ఆవిడ భద్రాచలంలో కొత్తగా పెట్టిన ఆయుర్వేద మసాజ్ సెంటరుకు తరిమింది. మసాజంటే మంగలి షాపులో కటింగయ్యాక నెత్తిమీద వేసే నాలుగు దెబ్బలే అనుకున్నాను. అక్కడ పొడవాటి చెక్కబల్ల, గదినిండా నూనె వాసన. ముప్ఫై ఏళ్ల లోపు మనిషి ఒకతను గోచీగుడ్డ చేతిలో పెట్టి బయట నిలబడ్డాడు. నేను చొక్కా, ప్యాంటు విప్పి గోచీ పెట్టుకున్నాను గానీ బనియను, కళ్లద్దాలు, వాచీ తియ్యకుండానే పడుకున్నాను.

అతను లోపలికొచ్చి చూశాడు. "బనియన్ మీద నూనె రాస్తే బనియన్‌కే నయమైతది సార్."

అన్నీ తీశాను. పాతికేళ్ల పెద్దరికం చొక్కాతో పాటు మేకుకు వేలాడింది.

అతను వంగి నా పాదాలు పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ "చల్లగా ఉండు నాయనా" అని దీవించాను.

"దీవెన మంచిదే సార్. గానీ మేం కాళ్ల నుంచే మొదలువెడ్తం."

పిక్కలు, నడుము దాకా హాయిగానే సాగింది. భుజం దగ్గరికొచ్చాక, "నొప్పైతే చెప్పుండ్రి, తట్టుకునేంతే ఒత్తుత" అన్నాడు. నాకేం కాదు, కానివ్వమన్నాను. బొటనవేలు ఎముక సందులో దిగింది. నొప్పి మరవడానికి పందొమ్మిదో ఎక్కం మనసులో చదువుకుందామనుకుంటే పైకే వచ్చేసింది. పందొమ్మిది ఆర్లు నూటపద్నాలుగు దగ్గర ఊపిరాడక ఆగిపోయాను.

"పందొమ్మిది ఏడులు నూటముప్ఫైమూడు," అన్నాడు వెనకనుంచి. "గుర్తువట్టలేదా సార్? ఏడో తరగతిల గిదొక్కటి రాలేదనే అరచేతులు వాచేటట్టు బెత్తంతోని కొట్టిండ్రు."

గుర్తు రాలేదు. కొట్టినందుకంటే గుర్తు రానందుకు ఎక్కువ సిగ్గేసింది. "ఏడ్చావంటే ఇంకో రెండు" అని కూడా అనే ఉంటాను, అందరితోనూ అదే అనేవాణ్ని. ఇప్పుడు ఏ మొహంతో అబ్బా అనను? పళ్లు బిగించి పడుకున్నాను.

"చెప్పుండ్రి సార్. చెప్పకుంటే నాకెట్ల తెలుస్తది?"

"నొస్తోంది నాయనా," అన్నాను. వెంటనే వాడి చెయ్యి తేలికైంది. అడగడం, చెప్పడం, తగ్గించడం ఇంత సులువైన పనని నాకు యాభై దాటాక తెలిసింది.

వారం రోజులు రమ్మన్నాడు, వెళ్లాను. ఏడోనాడు నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, "ఎత్తుండ్రి సార్" అన్నాడు. ఎత్తాను. చెవి దాటింది, తల దాటింది, నిటారుగా నిలిచింది. సంతోషంతో వాడి వైపు చూశాను. వాడు తల పక్కకు వంచేసి, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

మరుక్షణం తనే నవ్వాడు. "పాత అలవాటు సార్."

నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

సోమవారం లెక్కను నల్లబల్ల పై అంచు నుంచి మొదలుపెట్టాను. బెత్తాన్ని లైబ్రరీ బీరువాలో పడేసి తాళం వేశాను. ఏంది సారూ, బెత్తం కనవడ్తలేదని హెడ్మాస్టరు అడిగితే, చెయ్యి రాయడానికి లేస్తోంది గానీ కొట్టడానికి ఇంకా లేవడం లేదన్నాను. రిటైరయ్యే దాకా అదే చెప్పాను.