తీగ కట్టానా, లేదా

మా అక్క మొగుడు ఇరవై ఏళ్ళు విమానాల ఇంజన్లు బిగించాడు. నేను పని ఎక్కడా చదువుకోలేదు, ఆయన చేతులు చూసి పట్టుకున్నాను.

మా పంపుల రిపేరు షెడ్డుకి ఆదివారం పొద్దున ఆయనతో వైమానిక స్థావరంలో పనిచేసినవాళ్ళు ఇద్దరు వచ్చేవారు. పెట్రోలు ట్యాంకర్ నడిపినాయన కథల్లో కూలిన శత్రు విమానాలు ఏటికేడు పెరిగేవి. "కిందటేడు నాలుగే కదా మామా, మిగతావి ఎప్పుడు పడ్డాయి?" అంటే, "నువ్వు నీ వాషర్లు చూసుకోరా" అనేవాడు. వంటాయన, బాంబులు పడుతుంటే గంగాళం కింద దూరిన సంగతి చెప్పేవాడు. నవ్వులే నవ్వులు. బావ మాత్రం తలెత్తేవాడు కాదు.

ఆయన గోడు అక్కకీ నాకూ మాత్రమే తెలుసు. యుద్ధం మూడో రోజు, దిగిన విమానాన్ని అరగంటలో మళ్ళీ పంపాలి. ఆయిలు గొట్టం నట్టు బిగించాడు. అదురుకి అది వదులు కాకుండా దాని చిల్లులోంచి సన్న తీగ దూర్చి మెలివేయాలి. ఈలోగా సైరన్ మోగింది, కందకంలోకి దూకాడు. పైకొచ్చాక తీగ కట్టాడా లేదా, ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. విమానం వెళ్ళింది, తిరిగి రాలేదు. శత్రువు కూల్చాడో, నట్టే ఊడిందో తేల్చేవాళ్ళు లేరు. ఇంజను మూత వేసేముందు టార్చి వేసి చూసి సంతకం పెట్టింది సూపర్‌వైజర్. "కట్టలేదు" అంటాడేమోనని ముప్పై ఏడేళ్ళు బావ ఆయన గడప తొక్కలేదు.

కిందటి నెల ఆ సూపర్‌వైజర్ పక్క ఊళ్ళో కూతురి దగ్గరికి చేరాడని తెలిసింది. బావ నన్ను తోడు తీసుకెళ్ళాడు. నాన్నకి మతిమరుపు వచ్చిందని కూతురు ముందే చెప్పింది. కానీ ఆయన చూడగానే "ఒరే పీటముడీ" అన్నాడు. తీగ మెలివేసే బావ చేతికి స్థావరంలో పెట్టిన పేరది. బావ ముఖం విప్పారింది. అడిగేశాడు.

"కట్టావురా. టార్చి వేస్తే మెరిసింది."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఊరికే అన్నట్టు, "ఆ రోజు వాన కదండీ?" అన్నాడు.

"కుండపోత. గొడుగు పట్టింది నువ్వేగా."

ఆ వారమంతా చుక్క పడలేదని బావే ఎన్నోసార్లు చెప్పాడు. గొంతు తగ్గించి ఇంకొకటి అడిగాడు. "ఆ పైలట్ తిరిగొచ్చాక మనకి మిఠాయి పంచాడు కదండీ?"

"పంచాడు. నాకు రెండిచ్చాడు."

బావ దణ్ణం పెట్టి లేచాడు. నాన్న ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో, మళ్ళీ రమ్మని కూతురు సంబరంగా గుమ్మం దాకా వచ్చింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, నిన్ను గుర్తుపట్టాడు కాబట్టి తీగ మాట కూడా నిజమే అయ్యుండొచ్చు అన్నాను.

"చెయ్యి పెట్టి చూడకుండా, అయ్యుండొచ్చని మూత వేస్తావట్రా?"

వెయ్యను. అది నేను ఆయన దగ్గర నేర్చిందే. బస్సు వస్తే ఎక్కాం. ఆ మూత లోపల చూసినవాడు సూపర్‌వైజర్ ఒక్కడే.